డీజిల్ ఇంజన్ ఎన్ని చుట్లు తిరుగుతోంది?



హైదరాబాద్ హైటెక్ సిటీలో ఏ ఐటీ మేడ వెనక్కి వెళ్ళినా, ప్రహరీ గోడ వారనో సెల్లార్ దారి పక్కనో ఒక పెద్ద ఇనుప పెట్టె కనిపిస్తుంది. పైన పొగగొట్టం, పక్కన డీజిల్ ట్యాంకు, లోపల జనరేటర్. 1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ తరవాత మేడలు గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రాంగూడ దాకా పాకాయి. వాటి వెంటే ఈ పెట్టెలూ పాకాయి. ఉమ్మడి రాష్ట్రంలో, 2012 ప్రాంతంలో, పరిశ్రమలకు పవర్ హాలిడేలు పెట్టిన రోజుల్లో జనరేటర్లకు ఊపిరి సలిపేది కాదు. ఇప్పుడు కోతలు తగ్గాయి కాబట్టి, చాలాచోట్ల అప్పుడప్పుడూ కాసేపు నడిపి, బాగానే ఉందని చూసి ఆపేస్తారు.

బాగానే ఉందని ఎలా తెలుస్తుంది? ప్యానెల్ మీద 1500 అని కనిపిస్తుంది కదా అంటారు. సరే, ఆ 1500 ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరు లెక్కపెట్టారు? దేన్ని చూసి లెక్కపెట్టారు? కోడ్‌లో ఒక్క అంకె తేడా వస్తే దాని మూలం దాకా తవ్వే ఇంజనీర్లు వేలమంది ఉన్న ఆవరణలో, ఈ అంకె మూలం అడిగేవాళ్ళు అరుదు. ఆ లెక్కను మన చేతులతో మనమే ఎలా పెట్టుకోవచ్చో ఈ పూట చెప్తాను. కోఠి గుజరాతీ గల్లీలో దొరికే చిన్న సామాను, ఒక టంకం కడ్డీ, కాస్త ఓపిక ఉంటే చాలు.

ముందు, ఈ 1500 అనే అంకె సంగతి. మన దేశంలో కరెంటు సెకనుకు 50 సైకిళ్ళు. జనరేటర్‌లో అయస్కాంత ధ్రువాలు నాలుగు ఉంటే, అది ఒక్క చుట్టు తిరిగేసరికి రెండు సైకిళ్ళు పుడతాయి. అంటే సెకనుకు 25 చుట్లు, నిమిషానికి 1500. హైటెక్ సిటీకి అంత దూరమేమీ కాని రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో పెద్ద ఆవిరి టర్బైన్లు తయారవుతాయి. వాటికి తగిలించే జనరేటర్లకు ధ్రువాలు రెండే. అందుకని అవి నిమిషానికి 3000 చుట్లు తిరగాలి. యంత్రం చిన్నదైనా పెద్దదైనా, సూత్రం ఒకటే.

డీజిల్ ఇంజన్ వేగాన్ని పట్టి ఉంచేది గవర్నర్. పాతకాలపు గవర్నర్‌లో తిరిగే గుండ్లు, ఒక స్ప్రింగు ఉంటాయి. ఖాళీగా నడిచేటప్పుడు ఇంజన్ 1560 దగ్గర ఉండి, పూర్తి లోడు పడ్డాక 1500కు దిగేలా దాన్ని సర్దుతారు. కరెంటు భాషలో చెప్పాలంటే 52 సైకిళ్ళ నుంచి 50కి. అంతకన్నా దిగిందంటే గొడవ మొదలవుతుంది. జనరేటర్ మోగుతూనే ఉంటుంది, లైట్లు వెలుగుతూనే ఉంటాయి, కానీ యూపీఎస్ మాత్రం ఆ సైకిళ్ళు నచ్చక కరెంటును ఒప్పుకోదు. బ్యాటరీ మీదే నడుస్తుంది. బ్యాటరీ అయిపోయాక సర్వర్లు పడిపోతాయి. డీజిల్ నిండుగా ఉంది, ఇంజన్ నడుస్తోంది, అయినా పని ఆగిపోయింది. ఫిల్టర్‌లో చెత్త చేరడమో, పంపు అరిగిపోవడమో కారణం కావచ్చు. మనిషి చెవికి 1500కూ 1440కీ తేడా తెలియడం కష్టం. మీటర్ అవసరం అక్కడ.

పెట్రోల్ బండి అయితే ఈ పని సులువు. అందులో స్పార్క్ ప్లగ్గు ఉంది. మంట వెలిగించిన ప్రతిసారీ ఇగ్నిషన్ కాయిల్‌లో ఒక కరెంటు దెబ్బ పుడుతుంది. ఆ దెబ్బల్ని లెక్కపెడితే వేగం వచ్చేసినట్టే. డీజిల్‌కు ఆ ప్లగ్గే లేదు. గాలిని గట్టిగా అదిమితే వేడెక్కుతుంది, ఆ వేడిలోకి నూనె చిమ్మితే తనే అంటుకుంటుంది. 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపించిన కిటుకు ఇదే. మెకానికల్ పంపు ఉన్న పాత ఇంజన్‌ను ఒకసారి తిప్పి వదిలితే, దానికి ఇక ఒక్క వైరు అవసరం లేదు. మన పల్లెల్లో బావుల మీద టకటకలాడిన ఆయిల్ ఇంజన్లు బ్యాటరీ మొహం చూసి ఎరగవు. హ్యాండిల్‌తో తిప్పితే చాలు. మెకానిక్‌కు ఇది వరం. మనకు మాత్రం చిక్కు. ఇంజన్‌లో కరెంటే లేనప్పుడు దాని వేగాన్ని కరెంటు గుర్తుగా ఎక్కడి నుంచి తేవాలి?

నాలుగు దారులున్నాయి.

మొదటిది బ్యాటరీని ఛార్జ్ చేసే అల్టర్నేటర్. మన మెకానిక్కులు ఇప్పటికీ దాన్ని డైనమో అనే అంటారు. లోపల పుట్టేది ఏసీ. డయోడ్లు దాన్ని డీసీగా మారుస్తాయి. ఆ డయోడ్ల కన్నా ముందే ఒక ఫేజ్ నుంచి తీగ తీసి బయట పెట్టిన బొడిపెను డబ్ల్యూ టెర్మినల్ అంటారు. చాలా డీజిల్ బండ్ల టాకో మీటర్లు దాని మీదే నడుస్తాయి. లెక్క ఇలా ఉంటుంది: ఇంజన్ ఐడిలింగ్‌లో 750 చుట్లు తిరుగుతోంది, పుల్లీల నిష్పత్తి రెండుంబావుకు కాస్త పైన, 2.4 అనుకోండి. అల్టర్నేటర్ 1800 తిరుగుతుంది. పన్నెండు ధ్రువాలుంటే చుట్టుకు ఆరు సైకిళ్ళు, అంటే సెకనుకు 180. ఈ దారి సులువైనదే. కాకపోతే మధ్యలో బెల్టు ఉంది. బెల్టు వదులై జారితే మీటర్ తక్కువ చూపిస్తుంది. తెగిపోతే సున్నా చూపిస్తుంది. ఇంజన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

రెండోది ఫ్లైవీల్. దాని అంచున రింగ్ గేర్ ఉంటుంది. స్టార్ట్ చేసేటప్పుడు సెల్ఫ్ మోటారు వెళ్ళి తగులుకునేది ఆ పళ్ళకే. ఫ్లైవీల్ గూటికి పక్కన ఒక చిన్న మరల రంధ్రం ఉంటే, అందులోకి అయస్కాంతపు పికప్ బిగిస్తారు. చూడటానికి పొడుగాటి బోల్టులా ఉంటుంది. లోపల ఒక అయస్కాంతం, దాని చుట్టూ సన్నని తీగ చుట్ట. ఇంజన్ ఆపి ఉంచి, చివర పన్నుకు ఆనేదాకా మెల్లగా తిప్పి, అక్కడి నుంచి అరచుట్టు, ముప్పావు చుట్టు వెనక్కి తిప్పి నట్టు బిగించాలి. ఆనింది పన్ను కొనకేనా, రెండు పళ్ళ మధ్య సందులోకి వెళ్ళిపోయిందా అన్నది రంధ్రంలోంచి చూసి మరీ బిగించాలి. సందులోకి దింపి బిగిస్తే మొదటి చుట్టులోనే పికప్ మూతి ఊడిపోతుంది. గేరుకు 120 పళ్ళు ఉంటే 1500 వేగం దగ్గర సెకనుకు 3000 పళ్ళు దాని ముందు నుంచి పోతాయి. ఒక్కో పన్నుకు ఒక్కో చిన్న కరెంటు అల. బెల్టు లేదు, జారడం లేదు. ఫ్లైవీల్ క్రాంక్‌కే బిగించి ఉంటుంది కాబట్టి ఈ సాక్ష్యం సూటిగా ఇంజన్‌దే.

మూడోది పుల్లీ మీద గుర్తు. ముందు వైపు క్రాంక్ పుల్లీ మీద తెల్ల పెయింట్‌తో ఒక చుక్క పెట్టి, ఎదురుగా ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ నిలబెడితే చుట్టుకో పల్స్ వస్తుంది. చుక్క మీద నూనె, మసి పట్టనివ్వకూడదు, ఎండ సెన్సర్ కంట్లో పడనివ్వకూడదు. కొందరు చుక్కకు బదులు చిన్న అయస్కాంతం అంటించి హాల్ సెన్సర్ పెడతారు. ఇక్కడ ఒక్క లెక్క చెప్తాను, గుర్తుంచుకోండి. పది సెంటీమీటర్ల వ్యాసార్ధం మీద 1500 చుట్లు తిరుగుతున్న వస్తువు మీద బయటికి లాగే బలం దాని బరువుకు దాదాపు 250 రెట్లు. అయిదు గ్రాముల అయస్కాంతం కిలోంబావు బరువుతో తన్నుకుపోవాలని చూస్తుంది. గమ్ము వదిలితే అది ఎవరి కంటికి తగులుతుందో చెప్పలేం. చుక్క పెయింటే మేలు.

నాలుగో దారి అన్నిటికన్నా నాకు ముచ్చటగా ఉంటుంది. పంపు నుంచి నాజిల్‌కు వెళ్ళే గట్టి ఉక్కు పైపులు చూసే ఉంటారు. నూనె చిమ్మిన ప్రతిసారీ ఆ పైపు లోపల ఒత్తిడి ఎగసి, పైపు వెంట్రుకవాసిలో ఎన్నో వంతు ఉబ్బుతుంది. బజర్లలో వాడే పీజో బిళ్ళను ఒక క్లిప్పుతో ఆ పైపుకు గట్టిగా పట్టిస్తే, వైద్యుడు మణికట్టు దగ్గర నాడి పట్టినట్టు, ప్రతి చిమ్ముకూ ఒక చిన్న వోల్టేజి ఇస్తుంది. ఇంజన్‌లో ఒక్క మర కూడా విప్పనక్కర్లేదు. ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో రెండు చుట్లకు ఒక్కసారే నూనె చిమ్ముతుంది కాబట్టి, వచ్చిన లెక్కను రెండుతో గుణించాలి. కామన్ రైల్ ఇంజన్లలో ఒత్తిడి ఎప్పుడూ నిలకడగా ఉంటుంది, పైగా ఒకే స్ట్రోకులో నూనె పలుమార్లు చిమ్ముతారు. అక్కడ ఈ దారి పనికిరాదు.

ఫోన్‌లో శబ్దం రికార్డ్ చేసి దాని ఫ్రీక్వెన్సీ చూస్తే పోలేదా అని సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు అడుగుతారు. మంచి ఆలోచనే. కానీ జనరేటర్ దగ్గర ఒక తమాషా ఉంది. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో చుట్టుకు రెండుసార్లు మంట. 1500 దగ్గర అది సెకనుకు సరిగ్గా 50. పక్కనే జనరేటర్ పుట్టిస్తున్న కరెంటు కూడా 50 సైకిళ్ళే. ఫోన్ పట్టుకున్న 50 ఇంజన్‌దో, వైర్లలోంచి దూరిన కరెంటు రొదో తేల్చడం ఎలా?

సరే, పల్స్ దొరికింది. దాన్ని తిన్నగా ఆర్డుయినో అనే చిన్న కంప్యూటర్ బోర్డు కాలికి తగిలించవద్దు. ఇంజన్ దగ్గర కరెంటు అంత మర్యాదగా ఉండదు. సెల్ఫ్ కొట్టినప్పుడు వోల్టేజి పడిపోతుంది, పెద్ద రిలేలు వదిలినప్పుడు పదుల వోల్టుల దెబ్బ వస్తుంది. అయస్కాంతపు పికప్ కూడా స్టార్టింగ్‌లో నీరసంగా ఉండి, పూర్తి వేగంలో పదుల వోల్టులు చిమ్ముతుంది. అందుకని ముందు ఒక రెసిస్టర్, రెండు డయోడ్లతో అలను కత్తిరించాలి. తరవాత ష్మిట్ ట్రిగ్గర్‌తో అంచులు పదును చేయాలి. వీలైతే మధ్యలో ఒక ఆప్టోకప్లర్ పెట్టాలి. అది వెలుగు ద్వారా మాట దాటిస్తుంది, వైరు కలపదు. ఇంజన్ వైపు ఏం జరిగినా మన బోర్డు బతుకుతుంది. కంప్యూటర్ వద్దు, ముల్లు మీటరే కావాలి అనుకునేవాళ్ళకు ఎల్‌ఎమ్ 2917 అనే పాత చిప్ ఉంది. పల్సులు ఇస్తే వాటి జోరుకు తగ్గ వోల్టేజి ఇస్తుంది.

ఇక లెక్కపెట్టడం. ఇక్కడే చాలామంది తడబడతారు. చుట్టుకు ఒక్క పల్స్ వస్తోంది, సెకనుపాటు లెక్కపెట్టి 60తో గుణిద్దాం అనుకుంటే, 1500 దగ్గర వచ్చేవి 25 పల్సులు. ఒక్క పల్స్ అటో ఇటో అయితే 60 చుట్ల తేడా. యూపీఎస్‌ను పడగొట్టే తేడాను ఈ పద్ధతి పట్టుకోలేదు. దీన్ని తిరగేయాలి. పల్సులు లెక్కపెట్టడం మాని, ఒక పల్స్ నుంచి ఇంకో పల్స్‌కు పట్టిన కాలాన్ని కొలవాలి. 1500 దగ్గర అది 40 మిల్లీసెకన్లు, అంటే 40,000 మైక్రోసెకన్లు. మామూలు ఆర్డుయినో ఊనో గడియారం నాలుగు మైక్రోసెకన్ల మెట్లలో నడుస్తుంది. పదివేలలో ఒక వంతు. ఒక్క చుట్టులోనే, నిమిషానికి పావు చుట్టు కన్నా తక్కువ తేడాను కూడా అది పట్టేస్తుంది. బోర్డు అదే, సెన్సర్ అదే. ప్రశ్న అడిగిన తీరు మారింది, అంతే.

ఇలా సన్నగా కొలవడం మొదలుపెడితే ఇంకో సంగతి బయటపడుతుంది. ఇంజన్ ఒక్క చుట్టులో కూడా ఒకే వేగంతో తిరగదు. గాలిని అదిమేటప్పుడు కాస్త తగ్గుతుంది, మంట అంటుకోగానే ముందుకు తోస్తుంది. రింగ్ గేర్ పళ్ళ మధ్య కాలాన్ని ఒక్కొక్కటిగా కొలిస్తే ఆ ఎగుడుదిగుడు స్పష్టంగా కనిపిస్తుంది. అంకె ఎగిరిపడుతోందని సర్క్యూట్‌ను తిట్టుకోనక్కర్లేదు. రెండు పూర్తి చుట్ల సగటు తీసుకుంటే అన్ని సిలిండర్ల వంతూ వచ్చేస్తుంది, అంకె కుదురుకుంటుంది. సగటు తీయకుండా చూస్తే అదీ ఒక వైద్యమే. నాలుగింటిలో ఒక తోపు ఎప్పుడూ నీరసంగా ఉంటే, ఆ సిలిండర్ నాజిల్ చూడమని అర్థం.

మీటర్ తయారైంది. అది చెప్పేది నిజమేనని ఎలా నమ్మాలి? చవకగా, అందంగా ఒక పద్ధతి ఉంది. బరువైన చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైట్ ఒకటి తెచ్చి, జనరేటర్‌కు కాకుండా బయటి లైన్ కరెంటుకు కలిపి, పుల్లీ మీద వెలుతురు పడేలా పెట్టండి. ఎల్‌ఈడీ పనికిరాదు. ఆ ట్యూబ్‌లైట్ సెకనుకు వందసార్లు వెలిగి తగ్గుతుంది. ఇంజన్ సెకనుకు 25 చుట్లు తిరిగితే, మీరు పెట్టిన ఒక్క తెల్ల చుక్క నాలుగు చుక్కలై, నాలుగు దిక్కులా కదలకుండా నిలబడుతుంది. ఆ నాలుగు చుక్కలూ ఇంజన్ తిరిగే వైపుకే మెల్లగా జరుగుతుంటే వేగం ఎక్కువ, వెనక్కి జరుగుతుంటే తక్కువ. సెకనుకు పావు చుట్టు చొప్పున ముందుకు జరిగితే ఇంజన్ 1515 మీద ఉన్నట్టు. మన గ్రిడ్ కోడ్ ప్రకారం లైన్ ఫ్రీక్వెన్సీ 49.90కీ 50.05కీ మధ్య ఉండాలి. కింది హద్దు దగ్గర ఉన్నా, 1500లో వచ్చే తేడా మూడు చుట్లే. దేశమంతటి పవర్ స్టేషన్లు కలిసి నడుపుతున్న గడియారాన్ని మనం ఉచితంగా వాడుకుంటున్నాం అన్నమాట. అదే ట్యూబ్‌లైట్‌ను పొరపాటున జనరేటర్‌కే కలిపితే, ఇంజన్ 1400 తిరిగినా 1600 తిరిగినా చుక్కలు నిలబడే ఉంటాయి. ఇంజన్ సాక్ష్యానికి ఇంజనే హామీ ఇచ్చినట్టు అవుతుంది.

జాగ్రత్త మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఆ వెలుతురులో తిరిగే పుల్లీ ఆగినట్టు కనిపిస్తుంది. చెయ్యి పెడితే వేళ్ళు ఉండవు. వర్క్‌షాపుల్లో పక్కపక్కన ట్యూబ్‌లైట్లను వేరువేరు ఫేజులకు కలిపేది ఈ ప్రమాదం తప్పించడానికే. చున్నీ, వదులు చొక్కా చేతులు, మెడలో వేలాడే ఐడీ కార్డు తాడు, ఏవీ బెల్టు దరిదాపుల్లోకి రాకూడదు. సెన్సర్ బిగించేటప్పుడు బ్యాటరీ తీగ విప్పి ఉంచాలి. ఎందుకంటే ఆటోమేటిక్ ప్యానెల్ ఉన్న జనరేటర్ కరెంటు పోగానే ఎవరినీ అడగకుండా స్టార్ట్ అవుతుంది. గ్యారంటీలో ఉన్న యంత్రాన్నీ, మేడ బాధ్యత చూసేవాళ్ళకు చెప్పకుండా ఏ యంత్రాన్నీ ముట్టుకోవద్దు.

కొత్త ఇంజన్లలో ఇదంతా ఎందుకు అనవచ్చు. 2023 జులై 1 నుంచి కొత్త జనరేటర్లకు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి సీపీసీబీ నాలుగు ప్లస్ ఉద్గార ప్రమాణాలు వచ్చాయి. వాటికి తగ్గట్టు తయారైన చాలా ఇంజన్లలో కంప్యూటర్ ఉంటోంది, అది వేగాన్ని తనే చెబుతుంది. కార్లలోనూ అంతే. డ్యాష్‌బోర్డు కింద ఉండే ఓబీడీ సాకెట్‌ను వేగమెంత అని అడిగితే రెండు బైట్లు ఇస్తుంది. ఉదాహరణకు మొదటిది 11, రెండోది 184 అనుకోండి. పదకొండును 256తో గుణించి 184 కలిపితే 3000. నాలుగుతో భాగిస్తే 750. బండి ఐడిలింగ్‌లో ఉంది. కానీ ఆ కంప్యూటర్ కూడా ఆ అంకెను గాల్లోంచి తేలేదు. క్రాంక్ పక్కన పళ్ళ చక్రం, దాని ఎదుట ఒక సెన్సర్, మధ్యలో కాలం కొలత. మనం బల్ల మీద చేసినదే అక్కడా ఉంది.

ఈ పని నేర్చుకోవడానికి మన ఊరు మంచి చోటు. ఇక్కడి ఎలక్ట్రానిక్స్ చరిత్ర సాఫ్ట్‌వేర్ కన్నా పాతది. అయ్యగారి సాంబశివరావు గారు నడిపించిన ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ 1967లోనే మొదలైంది. ఇప్పుడు రాయదుర్గంలో, టీ హబ్ పక్కనే, 2023 మార్చి 2న ప్రారంభమైన టీ వర్క్స్ ఉంది. నమూనా వస్తువులు తయారుచేసుకోవడానికి యంత్రాలు, పనిముట్లు ఉన్న చోటు అది. రాణీగంజ్‌లో ఇంజన్ల, పంపుల దుకాణాలు, కోఠిలో చిప్పులు, రాయదుర్గంలో పనిముట్లు. ఒక్క ఊళ్ళో ఇవన్నీ ఉండగా, ఇంజన్ మీటరంటే బజార్లో కొనుక్కునేది అనుకోవడమెందుకు?

బజార్లో మీటర్లు చవకే. డబ్బు ఆదా కోసం ఈ పని చెయ్యమని నేను చెప్పడం లేదు. కొన్ని ప్యానెళ్ళు వేగాన్ని పికప్ నుంచి కాక, జనరేటర్ కరెంటు సైకిళ్ళ నుంచే లెక్కగడతాయి. జనరేటర్ అయస్కాంతపు ఫీల్డు పోయి కరెంటు పుట్టకపోతే ప్యానెల్ వేగం సున్నా అంటుంది. పక్కన ఇంజన్ హోరుమంటూనే ఉంటుంది. స్క్రీన్ చూసేవాడు ఇంజన్ ఆగిందనుకుంటాడు, పక్కన నిలబడ్డవాడు సెన్సర్ పోయిందనుకుంటాడు. ఇద్దరి మాటా తప్పే. అంకె దేన్ని చూసి పుట్టిందో తెలిసినవాడు ఒక్కడే తిన్నగా ఫీల్డు వైర్ల దగ్గరికి వెళ్తాడు. సొంతంగా ఒక్కసారైనా పన్ను నుంచి అంకె దాకా దారి వేసినవాడికి ఆ తెలివిడి వస్తుంది. ఆ తరవాత వాడు కొన్న మీటర్ వాడినా, కంపెనీ ప్యానెల్ వాడినా ఫరవాలేదు.

కాబట్టి మీ ఆఫీసులో ఈసారి జనరేటర్ టెస్ట్ రన్ జరిగేటప్పుడు కిందికి దిగి, దాన్ని చూసుకునే టెక్నీషియన్‌ను రెండు మాటలు అడగండి. ప్యానెల్ మీద అంకె ఏ సెన్సర్‌ది? దాన్ని సరిచూసే రెండో లెక్క ఏదైనా ఉందా? రెండోది లేదంటే, ఒక తెల్ల చుక్కతోనూ ఒక పాత ట్యూబ్‌లైట్‌తోనూ మొదలుపెట్టవచ్చు.